ఒడ్డెక్కిన చీమ

ఆషాఢ మాసం రెండో మంగళవారం, పొద్దున తొమ్మిది గంటలా పది నిమిషాలకు నేను ఒక చీమను చంపాను. అప్పటికి నాకు అక్షరం రాదు కానీ గడియారం వచ్చు. చీమ కాళ్లు ఆగిపోగానే తలెత్తి గోడకేసి చూశాను. ఎందుకు చూశానో తెలియదు. పెద్ద ముల్లు రెండు మీద ఉంది. పదమూడేళ్లయింది. నా లోపల ఆ ముల్లు అక్కడి నుంచి కదల్లేదు.

చీమకే ఇంత బరువా అని నువ్వు నవ్వొచ్చు. చివరిదాకా చదివి నవ్వు. నువ్వెవరో నాకు తెలియదు. నేనెవరో నీకు తెలియాల్సిన పని లేదు. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పలేకపోయాను కాబట్టే ముఖం లేని నీకు చెబుతున్నాను. నా చేతిరాత వంకర. తప్పులుంటాయి. రాతలో తప్పులు నువ్వు దిద్దుకో. చేతలో తప్పు ఎవరూ దిద్దలేరు.

మాది హోసూరు పక్క అత్తిముగం. మొగుడు పోయాక మత్తిగిరికి వచ్చి పసిబిడ్డలకు నీళ్లు పోసే పని పట్టుకున్నాను. అక్కడి ఇండ్ల వరసల్లో ఎక్కువమంది కదిరి నుంచో కర్నూలు నుంచో వచ్చి హోసూరు కంపెనీల్లో పనిచేసే పడుచు జంటలే. ఇంట్లో పెద్దదిక్కు ఉండదు. బిడ్డ పుట్టగానే నన్ను పిలిచేవాళ్లు. కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద వేసుకుని, ఆముదం రాసి, నలుగు పెట్టి, వేన్నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ చూపించి, గుడ్డలో చుట్టి తల్లి ఒడిలో పెట్టేదాన్ని. అవ్వ చేతిలో పడితే ఏ బిడ్డయినా ఏడుపు మానుతుందని నాలుగు వీధుల్లో అనుకునేవాళ్లు. ఆ మాట విని పొంగిపోయేదాన్ని. ఇప్పుడు అదే మాట ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచిపోతాను.

సుజాతది కదిరి. తల్లి లేని పిల్ల. భర్త నాగరాజుకు బండ్ల కంపెనీలో షిఫ్టు పని. తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. నేను వెళ్లిన మొదటి రోజే సుజాత నాతో నిక్కచ్చిగా చెప్పింది, ఆరు నెలలదాకా తల్లి పాలు తప్ప చుక్క నీళ్లు కూడా పెట్టొద్దని నర్సు చెప్పిందని, నన్ను కూడా ఏమీ నాకించొద్దని. సరేనమ్మా అన్నాను. లోపల మాత్రం మండింది. నిన్న మొన్న చదువుకుని వచ్చిన నర్సు నాకు చెప్పేదేమిటి?

మా పక్క పసిబిడ్డ నాలుక మీద తేనె రాస్తారు. పెద్దయ్యాక మాట తియ్యగా వస్తుందని నమ్మకం. మా అమ్మ రాసింది, నేనూ రాశాను, ఎంతమందికో లెక్క లేదు. అంచెట్టి కొండల్లో మేకలు మేపే మా తమ్ముడు కొండ తేనె తెచ్చిచ్చేవాడు. చిన్న సీసాలో పోసుకుని ఆముదం సీసా పక్కన సంచిలో పెట్టుకునేదాన్ని. పాపకు నెలన్నర వచ్చింది. సుజాత తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్లిన సందులో నేను ఉంగరం వేలు తేనెలో ముంచి పాప నోట్లో పెట్టాను. పాప వేలిని గట్టిగా చప్పరించింది. ఆ పట్టు ఈరోజుకీ నా వేలికి తెలుసు. అలా నాలుగు రోజులు పెట్టాను. దొంగతనంగా చేస్తున్నానని తెలుసు. తప్పు చేస్తున్నానని మాత్రం అనుకోలేదు. ఆ రెండింటికీ తేడా ఉందని నన్ను నేను చాలా ఏళ్లు నమ్మించుకున్నాను.

పది రోజులు గడిచాయి. పాపకు విరేచనం ఆగింది. పసిబిడ్డలకు మామూలే అన్నాను. తర్వాత పాలు తాగడం మందగించింది. ఏడుపు సన్నబడింది. రెప్పలు సగానికి వాలాయి. జ్వరం లేదు, దగ్గు లేదు. మంగళవారం పొద్దున నీళ్లు పోద్దామని కాళ్ల మీద వేసుకుంటే మెడ తడి గుడ్డలా వాలిపోయింది. ముప్పై ఏళ్లు బిడ్డల్ని పట్టిన చేతులివి. నా నోటికన్నా ముందు నా చేతులకు తెలిసింది. నోరు మాత్రం దిష్టి తగిలింది అంది.

నాగరాజు కదిరికి ఫోన్ చేశాడు. వాళ్ల అమ్మ లక్ష్మమ్మ ఫోన్లోనే తేల్చేసింది, తల్లి పాలు చెడిపోయాయని, అక్కడ పెద్దావిడ ఎవరైనా ఉంటే చీమను వేసి చూడమని. అందరూ నా వైపు చూశారు.

ఇది ఎరగనివాళ్లకు చెబుతాను. పళ్లెంలో నాలుగు చుక్కల చనుబాలు పిండి, అందులో చీమను వదులుతారు. చీమ ఈదుకుంటూ బయటికి వస్తే పాలు మంచివి. అందులోనే చస్తే పాలల్లో దోషం. మా అమ్మ చేసేది. ఆమెను చూసి నేనూ చేసేదాన్ని.

పక్కింటి గౌరమ్మ తన వంటింటి కిటికీ దగ్గర నుంచి ఒక నల్ల చీమను కాగితం ముక్క మీద పట్టుకొచ్చింది. సుజాత గోడవైపు తిరిగి స్టీలు డబ్బా మూతలో పాలు పిండి ఇచ్చింది. చీమను వేశాను. అది మునగలేదు. గిలగిల కొట్టుకుంది, కొంచెం తిరిగింది, దారి చూసుకుంది. ముందరి రెండు కాళ్లు మూత అంచుకు తగిలించింది. తర్వాత ఒళ్లంతా పైకి లాక్కుంది. ఒడ్డెక్కింది. మీసాలు తుడుచుకుంటూ నిలబడింది.

సరిగ్గా అప్పుడే నాగరాజు చేతిలో ఉన్న పాప గొంతులో ఏదో గురక వచ్చింది. అందరి తలలూ అటు తిరిగాయి. నేను బొటనవేలితో చీమను వెనక్కి తోశాను. తోసి, అదిమి పట్టుకున్నాను.

వాళ్లు మళ్లీ ఇటు తిరిగేసరికి సచ్చిపోయింది అన్నాను.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నను పదమూడేళ్లు అన్ని వైపులా తిప్పి చూశాను. తేనె విషమని అప్పటికి నాకు తెలియదు, ఆ మాట నిజం, ఒట్టు పెట్టమన్నా పెడతాను. కానీ పాలు మంచివని తేలితే తర్వాత అడిగే ప్రశ్న ఏమిటో తెలుసు. పాలు కాక బిడ్డ నోట్లోకి ఇంకేం పోయింది? సుజాత కళ్లు నా సంచి మీదికి వస్తాయి. వద్దన్నా పెట్టావా అంటుంది. నాలుగు వీధుల్లో నా పేరు పోతుంది. అంతే. ఇంత చిన్న భయం. తిట్టు తప్పించుకోవడానికి ఒక తల్లి పాలను విషం చేశాను.

సుజాత తన రొమ్ముల వైపు చూసుకున్న చూపు నేను చూశాను. పాము కనబడితే అలా చూస్తారు.

చనుబాలు ఆపేశారు. డబ్బా పాలు కలిపి స్పూనుతో పోశారు. దిగలేదు. పెదవి పక్క నుంచి కారిపోయాయి. ఆసుపత్రికి పోవాల్సిన పూట అలా స్పూనుతో గడిచింది. మధ్యాహ్నానికి పాప డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టింది. అప్పుడు పరుగెత్తాం. హోసూరులో ఆ వేళకు పసిబిడ్డలకు ఊపిరి ఇచ్చే మెషిను ఖాళీగా లేదు, కృష్ణగిరిలో ఉందన్నారు. ఆంబులెన్సులో సుజాత నా చేయి వదల్లేదు. ఏ చేయి అని అడగకు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గురినీ పిలిచింది. నడివయసు మనిషి. మన పక్క తెలుగే మాట్లాడింది.

"పాపకు పాలు కాక ఇంకేమన్నా పెట్టినారా? తేనె గానీ?"

సుజాత లేదంది. చుక్క నీళ్లు కూడా పెట్టలేదంది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేనా నీళ్లు పోసే అవ్వ? నువ్వేమన్నా నాకించినావా? తిట్టను. ఉన్నదున్నట్టు చెప్తే నా పని సులువు."

"లేదమ్మా. నేనేం పెడతాను."

"యాడ చూసినా ఒక అవ్వ ఉంటాది, అవ్వ సంచిలో ఒక తేనె సీసా ఉంటాది. అందుకే అడిగినాను."

"మా అవ్వ అట్లాది కాదు మేడమ్," అంది సుజాత. "పాలే చెడిపోయినాయి. అవ్వ చీమను ఏసి చూసింది. సచ్చిపోయింది."

డాక్టరమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏం అవ్వా, నిన్ను ఎత్తి పాల ట్యాంకులో ఏస్తే నువ్వు బతుకుతావా? అప్పుడు ఆ ఆవు పాలల్లో దోషం అందామా?" పక్కనున్న నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. "సుజాతమ్మా, నీ పాలు బంగారం. పిండి ఇయ్యి. ముక్కులో గొట్టం గుండా నేను పంపిస్తాను."

సుజాత డాక్టరమ్మను చూడలేదు. నన్ను చూసింది. నేను తల ఆడిస్తే చాలు, పిండి ఇచ్చేది.

నేను నేల చూశాను.

తేనె గురించి ఎందుకు అడిగిందో డాక్టరమ్మ తర్వాత చెప్పింది. కాగితం వెనక బొమ్మ గీసింది. అక్షరం రానిదాన్ని కాబట్టి ఆ బొమ్మ నాలో దిగబడిపోయింది. తేనెలో ఒక క్రిమి విత్తనంలా నిద్రపోతూ ఉండొచ్చట. పెద్దవాళ్ల పేగుల్లో అది మొలవదు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మొలుస్తుంది, విషం కక్కుతుంది. ఆ విషం నరాన్ని చంపదట, కండనూ చంపదట. ఆ రెండింటికీ మధ్య కంటికి కనబడనంత సందు ఉంటుంది. నరం చివర బుడ్డ సంచుల్లో ఒక రసం ఉంటుంది. కదులు అని కండకు చెప్పాలంటే సంచి నోరు తెరుచుకుని ఆ రసం సందులో పడాలి. అదే నరం మాట. విషం పోయి ఆ సంచుల నోళ్లు తెరుచుకోనివ్వదు. నరం చెబుతూనే ఉంటుంది, కండ వినడానికి కాచుకునే ఉంటుంది, మాట మాత్రం దాటదు. అందుకే రెప్ప లేవదు, మెడ నిలవదు, పాలు చప్పరించలేదు, చివరికి ఊపిరి. బిడ్డకు లోపల అన్నీ తెలుస్తుంటాయట. నొప్పి కూడా. ఏడవడమే చేతకాదు.

నేను గోడకు ఆనుకుని కిందికి జారిపోయాను. అవ్వ మంచిది, బిడ్డ మీద ప్రాణం పెట్టుకుంది అన్నాడు నాగరాజు. నర్సు నీళ్లు తెచ్చింది. విషం అంటే చేదుగా ఉంటుందనీ, మండుతుందనీ, వాసన కొడుతుందనీ అనుకునేదాన్ని. తియ్యటిది కొండ నుంచి వచ్చి నా వేలి మీద కూర్చుని, మాట తియ్యగా రావాలని పెట్టిన నాలుక మీది నుంచి మాటనే తీసేసుకుందా? నా వేలే కదా? అప్పుడైనా లేచి చెప్పొచ్చు. డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది, కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నోరు తెరిచాను కూడా. రాలేదు.

తేనె లేదన్నాం కాబట్టి వేరే జబ్బులన్నీ వెతకాల్సి వచ్చింది. పాప నడుములో సూది దించి నీళ్లు తీశారు. నేను తలుపు బయట ఉన్నాను. లోపలి నుంచి చప్పుడు రాలేదు. నొప్పి తెలుస్తుంది, ఏడవలేదు అని ఆమె చెప్పింది కదా. ఆ చప్పుడు లేకపోవడం ఎలా ఉంటుందో రాయడానికి నేను నేర్చుకున్న అక్షరాలు చాలవు.

నువ్వు నిజం చెప్పినా వైద్యం అదే కదా అని నన్ను నేను చాలాసార్లు జోకొట్టుకున్నాను. విరుగుడు మందు ఇక్కడ దొరకడం కష్టమని, నరాలు కొత్త చివర్లు వేసుకునేదాకా మెషినుతో ఊపిరి నిలపడమే దారని ఆమె చెప్పింది కూడా. కావచ్చు. ఆ సూది తప్పేది కదా? పాలు నిలిచేవి కదా? ఈ రెంటికీ నా దగ్గర జోలపాట లేదు.

మూడో వారంలో పాప రెప్ప లేచింది. తర్వాత వేలు కదిలింది. నెల దాటాక ఏడ్చింది, పిల్లికూన ఏడ్చినట్టు. నరాలు మళ్లీ మొలకలు వేస్తున్నాయి అన్నారు. పాపను ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికి సుజాతకు పాలు ఇంకిపోయాయి. ఇంటికొచ్చిన రోజు సుజాత వంగి నా కాళ్లకు దండం పెట్టింది. నువ్వు చీమను వేసి చూడకపోతే ఆ పాలే ఇస్తానే ఉందును అవ్వా, బిడ్డను చేతులారా చంపుకుందును అంది. నేను లేవనెత్తాను.

సీసాను మత్తిగిరి రోడ్డు పక్క కంపలో పారేశాను. ఆ తర్వాత ఏ బిడ్డకూ తేనె రాయలేదు, రాయనివ్వలేదు. ఎందుకని అడిగితే వద్దంటే వద్దు అని కసిరేదాన్ని. అంతకుముందు రాసినవాళ్ల సంగతి? మా ఊళ్లో రెండో నెలలో మెత్తబడి పోయిన బిడ్డ ఒకటి ఉంది. ఆ బిడ్డ తల్లి పాలల్లో కూడా మా అమ్మ చీమను వేసింది. ఆ చీమ నిజంగానే చచ్చిందా? ఇప్పుడు అడగడానికి మా అమ్మ లేదు.

నాలుగేళ్లకు సుజాతకు కొడుకు పుట్టాడు. మంచి పాలు పడ్డాయి, రవికె తడిసిపోయేది. ఆమె ఇవ్వలేదు. నా పాలు మంచివి కావు కదా అవ్వా అంది, ఏడుపు కూడా లేకుండా, నా కళ్లు నల్లగా ఉంటాయి కదా అన్నంత మామూలుగా. పాలు ఇంకడానికి మల్లెపూలు రొమ్ములకు కట్టడం మా దగ్గర ఉంది. మార్కెట్టుకు పోయి మల్లెలు తెచ్చింది నేను. గుడ్డ మెలివేసి బిగించి కట్టింది నేను. గట్టిగా కట్టు అవ్వా అంది. గట్టిగానే కట్టాను. మొదటిసారి భయం, రెండోసారి ఏమిటి? రెండోసారికి పేరు దొరకలేదు.

నాకు అక్షరాలు నేర్పింది ఎవరో తెలుసా? ఆ పాపే. హర్షిత. ఇప్పుడు పదమూడేళ్లది, హోసూరులో తెలుగు బడిలో చదువుతుంది. ఒక్క నిమిషం నోరు మూయదు. రెండేళ్ల కింద ఎండాకాలం సెలవుల్లో పలక పట్టుకొచ్చి నా ముందు కూర్చుంది, నీకు చదువు రాదంటే నాకే సిగ్గుగా ఉంది అని. ఒక్కో అక్షరం దిద్దించింది. గుణింతాలకు వచ్చాం. చ కు గుడి దీర్ఘం ఇస్తే చీ, పక్కన మ పెట్టు, చీమ, రాయి అవ్వా అంది. బలపం నా చేతిలోంచి జారి కింద పడి రెండు ముక్కలైంది. నీకు ఏనుగు వచ్చింది, చీమ రాలేదా అని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఆ గొంతులోంచి వస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ మాట రాయడానికి నాకు నెల పట్టింది.

ఇన్నాళ్లూ దాచినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, సుజాత చెల్లెలు పద్మ అక్క ఇంటికి వచ్చి ఉంది. అయిదు రోజుల కింద కాన్పయింది. మగబిడ్డ, చక్కగా నోరు తెరుస్తున్నాడు. నీళ్లు పోయడానికి పోతే సుజాత నన్ను పక్కకు పిలిచింది. మా ఇంటి ఆడవాళ్ల పాలే అట్లాంటివేమో అవ్వా, దానికీ వద్దు, మల్లెపూలు తెచ్చి కట్టేయి అంది. పద్మ గుమ్మంలో నిలబడి వింటోంది. రవికె ముందు భాగం తడిసి ఉంది. పాలు మంచివే, ఇవ్వనీ అన్నాను. నీకెట్లా తెలుసు, అప్పుడు చీమ సచ్చిపోయింది కదా అని అడిగింది సుజాత.

నా దగ్గర జవాబు ఉంది. జవాబు లేనట్టు ఇంటికి వచ్చేశాను.

వస్తూ వస్తూ మల్లెపూలు కొన్నాను. అవును, కొన్నాను. చేతికి అలవాటైపోయింది. ఇంట్లో తడి గుడ్డలో పెట్టి, వాటి ముందు కూర్చుని ఈ కాగితాలు రాయడం మొదలుపెట్టాను. నిన్నంతా రాశాను. ఈరోజు పొద్దున నుంచి రాస్తున్నాను. పూలు పసుపు తిరిగాయి. పద్మ బిడ్డకు ఇప్పటికింకా డబ్బా పాలే పడుతున్నారు.

పూలు తీసుకుపోను. ఈ కాగితాలు తీసుకుపోతాను. నోటితో చెప్పమంటే మళ్లీ రాకుండా పోతుంది, నా సంగతి నాకు తెలుసు. ముఖం లేని నీకని రాసినవి సుజాత చదువుతుంది. పక్కన హర్షిత ఉంటే అదీ చదువుతుంది. దాని నడుము మీద సూది దించిన చోటు అది ఎప్పుడూ చూసుకోలేదు, చూసుకోవాలని అడుగుతుందేమో. సుజాత నన్ను కొడుతుందేమో. గేటు వేసుకుంటుందేమో. ఏమీ అనకుండా పద్మ దగ్గరికి పోయి బిడ్డను ఒళ్లో పెడితే చాలు. క్షమించమని ఈ కాగితాల్లో ఎక్కడా రాయలేదు, చూడు. అడిగే మొహం లేదు. చీమ ఒడ్డెక్కింది, నేను తోశాను. ఇంతే రాయాల్సింది. ఈ ఒక్క ముక్క మాత్రం తుడవకుండా, దిద్దకుండా ఒక్కసారికే రాశాను. అది నాకు చాలు.

ఆ మంగళవారం తొమ్మిది గంటలా పది నిమిషాలకు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు: గోడవైపు తిరిగి పాలు పిండి ఇచ్చిన సుజాత. బిడ్డను ఎత్తుకుని నిలబడిన నాగరాజు. కాగితం ముక్క చేతిలో పట్టుకున్న పక్కింటి గౌరమ్మ. ఫోన్లో లక్ష్మమ్మ. అప్పటికి పేరు పెట్టని హర్షిత. పాలల్లోంచి బతికి ఒడ్డెక్కిన ఒక నల్ల చీమ. నీళ్లు పోసే అవ్వను, నేను.